కమిటీవారి పడమర

ఇచ్చిన ఆజ్ఞను అక్షరాలా పాటించిన మనిషి దోషి అయితే, ఆ ఆజ్ఞ ఇచ్చిన పెద్దమనిషి ఏమవుతాడు? ఈ ప్రశ్నకు ఇంతవరకు ఎవరూ సమాధానం చెప్పలేదు. విచారణ జరిగిన గదిలో ఆ రోజు నౌకాయానం క్షుణ్ణంగా తెలిసిన తలలు చాలా ఉన్నాయి. నోరు మాత్రం ఒక్కటీ తెరుచుకోలేదు. అందుచేత నన్నెవరూ అడగకపోయినా నేనే చెప్పవలసి వస్తున్నది.

నేను ఒక దిక్సూచిని. పిల్లలు జేబులో వేసుకొని తిరిగే రకాన్ని కాను. ఓడలో చుక్కాని ఎదుట నిలబెట్టే రకాన్ని. నడుమెత్తు టేకు పీఠం, దాని మీద ఇత్తడి గిన్నె, గిన్నె నిండా మద్యసారం కలిపిన నీరు, ఆ నీటిలో సూదిమొన మీద తేలే గుండ్రని కార్డు, కార్డు అడుగున అయస్కాంతాలు. గిన్నె అంచున ఒక నల్లగీత ఉంటుంది. ఓడ ముక్కు ఎటున్నదో అది చెబుతుంది. నాకు రెండు పక్కలా రెండు ఇనుప గుండ్లు ఉంటాయి. ఓడ ఒళ్ళంతా ఇనుమే కనుక, ఆ ఇనుము నన్ను లాగే లాగుడును సరిచేయడానికి వాటిని కొలిచి మరీ అమర్చారు. అవి అలంకారాలు కావు, చిలక్కొయ్యలూ కావు. నేను పుట్టిన నాటి నుంచి మద్యంలోనే మునిగి ఉన్నాను. అయినా ఉత్తరం తప్పలేదు. నన్ను నడిపిన అధికారులందరి గురించీ ఈ మాట చెప్పలేను.

నేను పుట్టింది కలకత్తాలో, హుగ్లీ ఒడ్డున ఒక ఇరుకు కార్ఖానాలో. నా కార్డు మీద డిగ్రీల గీతలు గీసిన ముసలాయన ఏకాదశినాడు కుంచె పట్టేవాడు కాదు. ఉపవాసపు చెయ్యి వణికితే దాని పర్యవసానం సముద్రం మీద ఎవడో అనుభవిస్తాడని ఆయన భయం. ఆ తరువాత నేను చూసిన మనుషుల్లో, తమ చెయ్యి వణికితే ఎవరు మునుగుతారో ఆలోచించినవారు బహు కొద్దిమంది.

మొదట నన్ను ఒక సరుకు ఓడలో పెట్టారు. దానిలో రెండో అధికారికి క్రికెట్టు పిచ్చి. ఒక మధ్యాహ్నం వ్యాఖ్యానం వినడానికి ట్రాన్సిస్టరు తెచ్చి నా నెత్తి పక్కనే పెట్టుకొన్నాడు. రేడియో స్పీకరులో అయస్కాంతం ఉంటుంది. ఆట సాగినంతసేపూ ఓడ దారి తప్పి నడిచింది. కెప్టెను వచ్చాడు, సూర్యుడున్న దిక్కును కొలిచాడు, విషయం గ్రహించాడు. నన్ను తిట్టలేదు, చుక్కాని పట్టుకొన్నవాణ్ణీ తిట్టలేదు. రేడియోను తీసి ఆ అధికారి ఒళ్ళో పెట్టి, “పోయి మీ మంచం మీద వినండి,” అన్నాడు. అంతే. కమిటీ వేయలేదు. ఆ రోజుల్లో నేను మానవజాతిని గౌరవించేదాన్ని.

ఆ ఓడ పాతబడ్డాక నన్ను పూడిక తీసే ఓడకు అమ్మారు. అక్కడివాళ్ళు నా గుండ్లకు తడిచొక్కాలు ఆరేసేవారు. చివరికి కాకినాడ దగ్గర, మడ అడవుల అంచున ఉన్న ఒక నౌకా శిక్షణాలయం నన్ను కొని, తన శిక్షణ లాంచీలో నిలబెట్టింది. అక్కడ నేను పరికరాన్ని మాత్రమే కాదు, పాఠాన్ని కూడా. ఆ పాఠం చెప్పేవారు ప్రిన్సిపాలు కెప్టెన్ చెరుకుపల్లి భీమశంకరం గారు. దిక్సూచి దరిదాపుల్లో ఇనుముగాని అయస్కాంతంగాని ఉండరాదన్నది ఆయనకు వేదవాక్యం. నా ఎదుటకు వచ్చే ముందు ఆడపిల్లల చేత జడపిన్నులు తీయించేవారు, మగపిల్లల చేత బెల్టులు విప్పించేవారు. జారిపోయే ప్యాంటును ఒక చేత్తో, చుక్కానిని మరొక చేత్తో పట్టుకొని ఓడ నడపడం నేర్చుకొన్నవారిని నేనెరుగుదును. చదువంటే ఇంత నిష్ఠగా ఉండాలి అని నేను కూడా మురిసిపోయాను.

అటువంటి చోట ఒక కమిటీ పుట్టింది. విద్యార్థులకు ట్యాబ్లెట్లు ఇవ్వాలా, లాప్‌టాప్‌లు ఇవ్వాలా అన్నది తేల్చవలసిన విషయం. అధ్యక్షులు భీమశంకరం గారిది ట్యాబ్లెట్ పక్షం: నిలబడి ఒక చేత్తో పట్టుకోవచ్చు, వేలితో చార్టును జరపవచ్చు. ఇంజను విభాగం అధిపతి నల్లి ఐజాక్ గారిది లాప్‌టాప్ పక్షం: రిపోర్టు రాయాలంటే కీలు కావాలి, గ్రీజు వేలు తాకితే ట్యాబ్లెట్ పలకదు. రెండూ సబబైన మాటలే. ఇద్దరు తెలివైనవాళ్ళు చెరొక సబబైన మాట పట్టుకొని కూర్చొంటే దాన్నే కమిటీ అంటారు.

“మీ పలక మీద ఓనమాలు దిద్దుకోవాలి తప్ప పంపు లెక్కలు చెయ్యలేరండీ కెప్టెన్ గారూ,” అనేవారు ఐజాక్.

“మీ హార్మోనియం పెట్టె చంకన పెట్టుకొని నిచ్చెన ఎక్కమనండి చూద్దాం. ఓడలోకి భజన బృందం వచ్చిందనుకొంటారు,” అనేవారు భీమశంకరం.

వాడేది విద్యార్థులు కనుక వాళ్ళనే అడుగుదామని ఎవరో అన్నారట. ఆ సూచనను పరిశీలించడానికి ఒక ఉపకమిటీ వేశారట. ఆ ఉపకమిటీ ఇప్పటికీ పరిశీలిస్తూనే ఉన్నది.

సముద్రం మీద వాడి చూస్తే తప్ప ఏదీ తేలదని కమిటీ ఒక వేసవి రోజున రెండు రకాల పరికరాలతో లాంచీ ఎక్కింది. డీజిలు ఆదా అవుతుందని, సూరాడ నూకరత్నం అనే విద్యార్థిని చుక్కాని పరీక్షను కూడా అదే ప్రయాణంలో పెట్టారు. ఆమెది ఉప్పాడ. ఒక సరుకు ఓడలో ఆమెకు అప్పటికే ఉద్యోగం ఖాయమైంది. దీపావళికి ఆ ఓడ ఎక్కాలి. ఎక్కాలంటే చుక్కాని పత్రం చూపాలి. పత్రం లేకపోతే ఆ ఉద్యోగం మరొకరికి పోతుంది.

చుక్కాని దగ్గర ఒక మర్యాద ఉన్నది. ఆజ్ఞ వినగానే దాన్ని గట్టిగా తిరిగి చెప్పాలి, చెప్పినట్టు చెయ్యాలి, వాదించరాదు. వాదించిన విద్యార్థికి మార్కులు పోతాయి. ఈ నియమాన్ని ఆ శిక్షణాలయంలో భీమశంకరం గారే అమలు చేసేవారు.

పోయేటప్పుడు అంతా సవ్యంగానే ఉన్నది. సాయంత్రం తిరుగు ప్రయాణంలో రేవు సరిగ్గా పడమరన ఉన్నది. నా కార్డు మీద పడమర అంటే రెండు వందల డెబ్బై.

“రెండు వందల డెబ్బై పట్టు,” అన్నారు భీమశంకరం.

“రెండు వందల డెబ్బై, సార్,” అన్నది నూకరత్నం. పట్టింది. లాంచీ రేవు వైపు గీత గీసినట్టు నడిచింది.

పడమటి ఎండ అద్దాల్లోంచి నేరుగా తెరల మీద పడింది.

“మీ పలకలో నా మొహమే కనబడుతోందండీ,” అన్నారు ఐజాక్.

“అదృష్టవంతులు. మీ పెట్టెలో అది కూడా కనబడటం లేదు.”

ఏ తెర ఎంత స్పష్టంగా ఉన్నదో తేలాలంటే నీడ కావాలి. కనుక భోజనానికి తెచ్చిన టేబుల్ గుడ్డలను చుక్కాని గది కిటికీలకు కట్టారు. ఒక గుడ్డ నిలవకపోతే, బయట నిలబడి ముందుకు చూడవలసిన శిక్షకుణ్ణి లోపలికి పిలిచి దాని కొస పట్టుకోమన్నారు. ఆయన లాంచీ కళ్ళుగా ఉండవలసిన మనిషి. బుద్ధిగా గుడ్డ పట్టుకొన్నాడు. ఆ క్షణం నుంచి ఆ పడవలో దారి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

అప్పుడు భీమశంకరం గారికి ట్యాబ్లెట్ పెట్టుకోవడానికి చోటు కావలసి వచ్చింది. దాని స్టాండు అడుగున అయస్కాంతం ఉన్నది. ఆయన చుట్టూ చూసి, నా కుడి ఇనుప గుండు దగ్గర పెట్టారు. అది టక్కున అతుక్కొన్నది.

“ఆహా! దీనికోసమే చేసినట్టుందయ్యా!” అన్నారు.

జడపిన్నుకు మార్కులు కోసిన మనిషి ఆ మాట అన్నారు. పక్షపాతం కనబడకూడదని ఐజాక్ గారు లాప్‌టాప్‌ను తెచ్చి, స్పీకర్లు నా గిన్నెకు ఆనేటట్టు ఎడమవైపు పెట్టారు. నా కార్డు గిర్రున ముప్పై డిగ్రీలు తిరిగింది. నేను తిరగలేదు, నన్ను తిప్పారు. ఈ తేడాను న్యాయస్థానాలు గుర్తిస్తాయి, కమిటీలు గుర్తించవు.

“సార్, కార్డు తిరిగిందండి,” అన్నది నూకరత్నం.

ఐజాక్ గారు తొంగి చూశారు. “అవునండోయ్, దిక్సూచి మీ ట్యాబ్లెట్ వైపే మొగ్గింది! లంచమేమైనా ఇచ్చారా?”

“వయసులో పెద్దది కదా. మంచీచెడూ తెలుసు,” అన్నారు భీమశంకరం. అందరూ నవ్వారు. తరువాత ఆయన ఆమె వైపు తిరిగి, “ఆర్డరేమిటమ్మా?” అన్నారు.

“రెండు వందల డెబ్బై, సార్.”

“మరి కార్డు తిరిగితే నువ్వూ తిప్పు. పట్టు.”

“పట్టానండి, సార్.”

ఆమె నల్లగీత కింద రెండు వందల డెబ్బై తెచ్చింది. దాన్ని ఆవగింజంత కదలనివ్వలేదు. అంత నిలకడగా చుక్కాని పట్టిన చేతిని నేను నా జీవితంలో ఎక్కువ చూడలేదు. అంతే నిలకడగా లాంచీ నైరుతి దిక్కుకు పోయింది. లోపల కమిటీ తెరల వెలుగును పోలుస్తున్నది.

మొదట ఇంజను మూలిగింది. తరువాత లాంచీ, పెళ్ళి భోజనం చేసిన పెద్దాయన పడకకుర్చీలో వాలినంత నెమ్మదిగా బురదలో వాలింది. కుదుపుకు టేబుల్ గుడ్డ జారింది. కిటికీ నిండా మడ చెట్లు. ఒక కొంగ లోపలికి చూసింది.

భీమశంకరం గారు ట్యాబ్లెట్‌లో మ్యాపు తెరిచారు. పచ్చని అడవి మధ్య ఒక నీలి చుక్క.

“చూశారా ఐజాక్ గారూ, మనమున్న చోటును ఎంత కచ్చితంగా చూపిస్తోందో!”

“నా దాంట్లో మ్యాపు ఇంకా పెద్దగా కనబడుతుందండీ,” అన్నారు ఐజాక్, మూత తెరుస్తూ.

పీతలు పట్టుకొనే ఒకావిడ నాటుపడవలో వచ్చి ఆగింది. “ఏమండోయ్ బాబులూ, అంత పెద్ద రేవు కనబడలేదేటండి?”

“ఇక్కడ పరీక్ష జరుగుతోందమ్మా,” అన్నారు ఎవరో, గాంభీర్యం కూడదీసుకొని.

“ఎవరికండి?” అన్నది ఆవిడ. తెడ్డు వేసుకొని వెళ్ళిపోయింది. పోటు వచ్చేదాకా కమిటీ ఆ బురదలోనే సమావేశమై ఉన్నది.

ప్రమాదంపై విచారణ జరిగింది. కళ్ళారా చూసినవాళ్ళు వాళ్ళే కనుక విచారణ సంఘం కూడా ఆ కమిటీయే. నన్ను పీఠంతో సహా పెకలించి తెచ్చి గది నడుమ నిలబెట్టారు. సభ్యులు తమ తమ ట్యాబ్లెట్లను, లాప్‌టాప్‌లను నా చుట్టూ బల్లల మీద పరుచుకొని నన్ను పరీక్షించారు. నేను మళ్ళీ తప్పు చూపించాను. “స్పష్టంగా లోపమున్నది,” అని రాసుకొన్నారు.

నూకరత్నాన్ని పిలిచారు.

“కార్డు తిరిగిందని చెప్పానండి,” అన్నదామె.

“తిరిగిందని చెప్పావు. తప్పని చెప్పలేదు,” అన్నారు భీమశంకరం.

“తప్పంటే వాదించినట్టేనండి. వాదిస్తే మార్కులు కోసేది మీరే కదండి.”

“ఆపద వచ్చినప్పుడు వాదించాలమ్మా.”

“ఆపద వచ్చిందని నాకెలా తెలుస్తుందండి? కిటికీలకి గుడ్డలు కట్టేశారు కదండి.”

“గుడ్డల విషయం ఎజెండాలో లేదు,” అన్నారు ఐజాక్.

దిక్సూచి లోపభూయిష్టమనీ, ఆ లోపాన్ని గుర్తించడంలో విద్యార్థిని విఫలమైందనీ తేల్చి, ఆమె చుక్కాని పత్రాన్ని నిలిపివేశారు. ఎన్నాళ్ళుగానో తెగని ట్యాబ్లెట్ లాప్‌టాప్ తగవు కూడా ఆ రోజే తీరింది. కీబోర్డు విడిగా ఉండి, కావలసినప్పుడు అతుక్కొనే ట్యాబ్లెట్ ఒకటి దొరికింది. పలకా ఉన్నది, కీలూ ఉన్నాయి. దాని కీబోర్డు అయస్కాంతాలతో అతుక్కొంటుంది. మూత అయస్కాంతాలతో మూసుకొంటుంది. కలం కూడా పక్కన అయస్కాంతంతోనే వేలాడుతుంది. భీమశంకరం గారు, ఐజాక్ గారు కౌగిలించుకొన్నారు. ఇప్పుడు ప్రతి విద్యార్థీ అది చంకన పెట్టుకొనే చుక్కాని గదిలోకి వస్తున్నాడు. జడపిన్నులు మాత్రం ఇప్పటికీ తీయిస్తున్నారు.

నన్ను శిక్షణాలయం ముందుహాలులో ప్రదర్శనకు పెట్టారు. వాస్తు చూపించి కట్టిన భవనం కనుక వాకిలి సరిగ్గా ఉత్తరాన ఉన్నది. అది అందరికీ తెలుసు. నా పీఠానికి ‘లోపభూయిష్టమైన దిక్సూచి’ అన్న బోర్డు తగిలించారు. నా చరిత్ర చెప్పడానికని ఒక ట్యాబ్లెట్‌ను, దాని అయస్కాంతపు స్టాండుతో సహా, నా కుడి గుండుకే అతికించారు.

నూకరత్నం అప్పీలు చేసుకొన్నది. నియమం ప్రకారం, శిక్షణాలయంతో సంబంధంలేని ఒక మనిషి నన్ను చూసి, నేను వాకిలి వైపే ఉత్తరం చూపిస్తున్నానని రాసిస్తే చాలు; ఆమె పత్రం ఆమెకు వస్తుంది. ఆమె కొందరిని బతిమాలి తీసుకొచ్చింది. వాళ్ళు వచ్చారు, వాకిలి చూశారు, నన్ను చూశారు, జాలిగా తలలూపి వెళ్ళిపోయారు.

“ఆ తెర ఒక్క నిమిషం పక్కకి తియ్యండి సార్,” అని ఆమె ఆఫీసులో అడిగింది.

“అది ప్రదర్శనలో భాగమమ్మా. తియ్యాలంటే కమిటీ వెయ్యాలి. విద్యార్థులు ముట్టుకోరాదు.”

దీపావళి దగ్గర పడుతున్నది. ఆమె రోజూ వచ్చి, చేతులు వెనక్కి కట్టుకొని నా ఎదుట నిలబడి, తెరను చూసి వెళ్ళిపోతున్నది.

ఈ శిక్షణాలయంతో మీకు ఏ సంబంధమూ లేదు. ఇంతదాకా చదివారు కనుక, నాకు తెలియదనే వీలు కూడా ఇక మీకు లేదు. కనుక లేచి రండి. నా పక్కనున్న ఆ తెరను స్టాండుతో సహా ఊడదీయండి. ఎవరైనా అడ్డం వస్తే వాదించండి. ఆ పిల్లకు లేని హక్కు మీకున్నది. ఆ తెరనూ, మీ జేబులోని ఫోనునూ వాకిటి అవతల పెట్టి, వట్టి చేతులతో నా ఎదుట నిలబడండి. కార్డు కుదుటపడేదాకా ఆగండి. అప్పుడు చూసినది చూసినట్టు రాసి, సంతకం చేసి, ఆ కాగితాన్ని సూరాడ నూకరత్నం చేతికే ఇవ్వండి.