మగ్గం ఆగే వేళ

మగ్గం ఆగింది.

ఈశ్వరి చేతిలో రాట్నం కూడా ఆగింది. సగం పట్టుదారం చుట్టిన కండెను అలాగే పట్టుకుని గోడ గడియారం వైపు చూసింది. పదకొండు. లోపలి గది తలుపు అప్పుడే మూసుకుంది. వంటింట్లోంచి అత్త హనుమంతమ్మ, ఇంట్లో పసిబిడ్డ నిద్రపోతున్నట్టు గొంతు తగ్గించి చెప్పింది. "వసూకి మీటింగంట. రాట్నం గూడా ఆపుమ్మే. ఆ యమ్మికి రోంత కాఫీ పెట్టు."

ధర్మవరంలో నేతగాళ్ళ ఇంట మగ్గం ఊరికే ఆగదు. అమావాస్యకు ఆగుతుంది. ఇంట్లో ఎవరైనా పోతే ఆగుతుంది. ఈశ్వరికి రెండో కాన్పు నొప్పులు మొదలైన రోజు మాత్రం ఆగలేదు. ఆమె గోడ పట్టుకుని నిలబడి "ఆటో పిల్చుకొని రాపో" అంటే, మొగుడు ధనుంజయ మగ్గం గుంటలోంచి తలెత్తకుండా "కొంగులో నాలుగు వరసలే ఉండాయి, అయిపోనీ" అన్నాడు. చివరికి ఆటో పిలిచింది పక్కింటి పుట్టమ్మ. ఆ కథను ధనుంజయ ఇప్పటికీ పదిమందిలో చెప్పుకుంటాడు. "ఆస్పత్రిలో పిల్లోడు, ఈడ చీర, రెండూ ఒగే పొద్దు దిగినాయి" అని. అందరూ నవ్వుతారు. ఈశ్వరీ నవ్వుతుంది. నవ్వక ఏం చేస్తుంది?

అలాంటి మగ్గం రెండేళ్ళ కిందట కాపురానికి వచ్చిన చిన్నకోడలు వసుంధర కోసం రోజుకు రెండుసార్లు ఆగుతోంది. వసుంధరది బెంగళూరు కంపెనీలో ఉద్యోగం, ఇంట్లోనే కూర్చుని చేసేది. ఆమె మొగుడు జగదీష్ పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీలో షిఫ్టులకు పోయి వస్తాడు. మీటింగులో మగ్గం చప్పుడు వినపడితే అవతలివాళ్ళు నవ్వుతారని మొదటి నెలలోనే ఇంట్లో తీర్మానం అయిపోయింది. తీర్మానం చేసింది ఎవరో కాదు, కాన్పు నాడు నాలుగు వరసలు నేసిన ధనుంజయే.

ఉన్నమాట చెప్పుకుందాం. ఈశ్వరికి కుళ్ళు. మామూలు కుళ్ళు కాదు, కూర తాలింపు పెడుతూ కూడా కడుపులో మండేంత కుళ్ళు. వసుంధర రంగు చూసి కాదు, హిందూపురం నుంచి ఆమె నాయన సంచుల్లో మోసుకొచ్చే చింతపండు, పల్లీలు చూసీ కాదు. ఆ తలుపు చూసి. పద్నాలుగేళ్ళ కాపురంలో ఈశ్వరి వేసుకున్న తలుపు స్నానాల గదిది ఒక్కటే. దాన్ని కూడా "నీళ్ళు ఎంతసేపు పోసుకుంటావే, పాలు పొంగిపోతాండాయి" అని అత్త తట్టేది. ఈ పిల్ల మాత్రం "మీటింగు" అని ఒక్క మాట అని తలుపేసుకుంటే ఇల్లంతా ఊపిరి బిగబట్టుకుంటుంది. అది వంటింట్లోకి రాదు, ఎవరూ రమ్మనరు. తిన్న పళ్ళెం తీయదు, ఎవరూ తీయమనరు. "పాపం, తలకాయ పని" అంటుంది అత్త. మరి ఈశ్వరిది ఏ కాయ పని? కండెలు చుట్టడం, తెగిన పోగులు అతకడం, ఐదుగురు పెద్దలకూ ఇద్దరు పిల్లలకూ వండడం, ఇవన్నీ చేతులు వాటంతట అవే చేస్తాయని వీళ్ళ అభిప్రాయం కాబోలు.

కాఫీ గ్లాసు పట్టుకుని వెళ్ళి తలుపు మీద వేలితో రెండుసార్లు తట్టింది. తలుపు తెరుచుకుంది, గ్లాసు పట్టేంత. రోజూ అంతే. అందులోంచి గోరింటాకు చెయ్యి ఒకటి బయటికొచ్చి గ్లాసు తీసుకుంటుంది. ముఖం కనపడదు. ఆ సందు చూస్తే ఈశ్వరికి ఒళ్ళు మండిపోయేది.

ఇవాళ మాత్రం సందులోంచి మాట కూడా వచ్చింది. "అక్కా, ఆ పాత లాప్‌టాప్ ఉండాది కదా. అది నాకు కావాల."

ఈశ్వరి వంటింట్లోకి వచ్చి, కాఫీ గిన్నె తోమిందే తోముతూ నిలబడింది.

ఆ లాప్‌టాప్ వసుంధర ఇంజనీరింగ్ చదివేటప్పటిది. పదేళ్ళ ముసలిది. పెళ్ళైన కొత్తలో "ఇది పారేస్తాండా, నీకేమన్నా పనికొస్తుందా అక్కా?" అని ఇచ్చింది. మూత ఒకవైపు విరిగితే ఈశ్వరి పట్టుదారంతో కట్టింది. పెనుకొండలో ఇంటర్ సగంలో ఆపి వచ్చిన మనిషి, ఫోన్‌లో వీడియోలు చూసి, పిల్లలు బడికి పోయాక, అత్త కునుకు తీసే ముప్పావుగంటలో, గళ్ళ కాగితం మీద గీసుకునే అంచులూ బుటాలూ దాని మీద గీయడం నేర్చుకుంది. ఇప్పుడు మగ్గం మీదున్న చీర అంచులో కనిపించే నెమలి ఆమెదే. ధనుంజయ ఆ బొమ్మను పెన్‌డ్రైవులో, మగ్గానికి తగిలించే చిల్లుల అట్టల కార్డులు కొట్టే అంగడికి తీసుకుపోతాడు. అక్కడ అంగడాయన గంగాధర "ఏమబ్బా, ఈసారీ కొత్త డిజైనే తెస్తివే" అంటే మీసం దువ్వుకుంటాడు. ఈ మాట కూడా అతనే ఇంటికొచ్చి సంతోషంగా చెబుతాడు, అది ఈశ్వరికి తగిలే మాట అని తెలియకుండానే.

అన్నానికి కూర్చున్నప్పుడు విషయం చెప్పింది.

"వాళ్ళదే కదా, ఇచ్చేయ్" అన్నాడు ధనుంజయ. "కండెలు చుట్టేదానికి లాప్‌టాప్ ఏంటికి నీకు?"

"సంపాదించే యమ్మి అడిగితే లేదంటారా ఎవురన్నా?" అంది అత్త.

తళతళలాడే కంపెనీ లాప్‌టాప్ ఉండగా ఆ పిల్లకు ఈ ముసలిదెందుకు? ఉన్నమ్మకే ఇంకోటి. పారేసినదాన్ని నేను బాగుచేసుకుని మనిషిలా చూసుకుంటే, ఇప్పుడు బాగుందని కన్ను పడింది. ఆ మధ్యాహ్నమంతా ఈశ్వరి మనసులో వసుంధరను తిట్టని తిట్టు లేదు. పెనుకొండ తిట్లు అయిపోతే హిందూపురంలో అనే కన్నడ తిట్లు కూడా తెచ్చుకుని తిట్టింది.

మర్నాడు పదకొండుకు మగ్గం ఆగగానే, చీర కొంగులో లాప్‌టాప్ పొదివి పట్టుకుని తలుపు తట్టింది. సందులోంచి చెయ్యి వచ్చింది. ఈశ్వరి ఇవ్వలేదు.

"దీంట్లో ఏం చేస్తావు?"

"కొత్త సిస్టం ఎక్కించాల అక్కా. దీంట్లో ఉండేది పాతదైపోయింది, నాకు కావాల్సినవేవీ నడవవు."

"ఎక్కిస్తే నావి నలభైమూడు డిజైన్లు పోతాయి. నేను కూచున్నాకే చెయ్యి." అని భుజంతో తలుపు నెట్టి లోపలికి వెళ్ళింది. వసుంధర గబుక్కున తలుపు మూసి గడియ పెట్టింది.

ముందు ఈశ్వరి తన ఎర్రదారం కట్టిన పెన్‌డ్రైవులోకి డిజైన్లన్నీ తానే ఎత్తుకుంది, ఒక్కొక్కటీ తెరిచి చూసుకుంది. తర్వాత వసుంధర ఇంకో పెన్‌డ్రైవు తగిలించింది. "కొత్త విండోస్ దీనికి పట్టదు, ముసలిది కదా. ఇది ఊరికే దొరికే లైనక్సు, తేలిగ్గా నడుస్తుంది. నువ్వు బొమ్మలు గీసేదీ దీంట్లో ఉంటుంది" అంది. "ఆదివారం హిందూపురం పోయినప్పుడు మా ఫ్రెండు దగ్గర ఎక్కించుకొనొచ్చినా."

తెర నల్లబడి, తెల్లబడి, ఒక ప్రశ్న అడిగింది. ఇందులో ఉన్నదంతా చెరిగిపోతుంది, కానివ్వమంటావా అని. వసుంధర చెయ్యి చాచింది. "నేను నొక్కుతా" అంది ఈశ్వరి. నొక్కింది. నీలం గీత ఒకటి చీమలా నడవడం మొదలుపెట్టింది.

బయట మగ్గం ఆగే ఉంది. లోపల కూడా ఏ శబ్దమూ లేదు. ఇద్దరూ మంచం మీద కూర్చుని ఆ గీతను చూస్తున్నారు.

"మీటింగేది?" అంది ఈశ్వరి.

"అయిపాయ."

"అయితే మగ్గం ఆడించుకోమని చెప్పొస్తా" అని లేవబోతే వసుంధర చెయ్యి పట్టుకుంది. "వద్దక్కా. కూచో."

అప్పుడు చూసింది ఈశ్వరి గదిని సరిగ్గా. బల్ల మీద ఒక నోటు పుస్తకం, పెన్ను, నిన్నటి కాఫీ గ్లాసు. కంపెనీ లాప్‌టాప్ లేదు. దాని సంచి మంచం కింద చదునుగా, ఖాళీగా పడి ఉంది.

"నీ ఆఫీసుది యాడ?"

"నిన్ననే రిపేరీకి..."

"వీడియోల్లో చూసినాలే నేనూ. పెన్‌డ్రైవులో సిస్టం ఎక్కించేదానికి ఇంకో కంప్యూటరుంటే చాలు. ఆదివారం అది నీ చేతిలో ఉంటే హిందూపురం దాకా ఏంటికి పోతివి?"

వసుంధర తలుపు వైపు చూసి, గొంతు తగ్గించింది. "ఉద్యోగం పోయి మూడు నెలలైందక్కా. నూటాముప్పై మందిని ఒగే దినం తీసేసిరి. లాప్‌టాప్ వాపసు తీసుకున్యారు. ఇంట్లో ఇచ్చేది వాళ్ళు చివర్లో ఇచ్చిన దుడ్లలోంచే ఇస్తాండా. జగదీష్‌కు తెలీదు. తెలిస్తే వాళ్ళమ్మకు చెప్తాడు."

మొదట ఈశ్వరికి కలిగింది సంతోషం. దాచుకోవడమెందుకు? పండగ పూట ఓళిగ తిన్నంత సంతోషం. మూడు నెలలుగా ఆగిన మగ్గం, మోసిన కాఫీలు, "పాపం, తలకాయ పని" అన్న అత్త మాటలు, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. తలుపు తీసి ఒక్క మాట అంటే చాలు. సాయంత్రానికి ఈ గోరింటాకు చేతులు గిన్నెల్లో ఉంటాయి.

"మరి పొద్దున్నుంచి లోపల ఏం చేస్తాండావు?"

"మొదట్లో ఏడ్చేదాన్ని. ఇప్పుడు చదువుకుంటాండా. ఎల్లుండి పదకొండుకు ఒక ఇంటర్వ్యూ ఉండాది, ఫోన్‌లో కుదరదన్యారు. అందుకే ఇది అడిగినా." వసుంధర కళ్ళు తుడుచుకుంది. "చెప్పొద్దక్కా. చెప్తే ఈ తలుపు తెరిచి పెట్టాల. ఒగసారి బయటికొస్తే మళ్ళీ లోపలికి రానీరు. నీ మాదిరి అయిపోతా."

అన్నాక నాలుక కరుచుకుంది. కానీ మాట బయటపడింది.

నీ మాదిరి. ఈశ్వరికి చెంప మీద కొట్టినా ఇంత తగలదు. ఇంతకాలం దీని ఉద్యోగం చూసి కుళ్ళుకున్నాననుకుంది. ఉద్యోగం పోయిందని తెలిశాక కుళ్ళు చల్లారాలి కదా, ఇంకా పెరిగిందేం? ఎందుకంటే ఈ పిల్ల చేతిలో పని లేకుండానే తలుపేసుకుంది. ఒట్టి చేతులతో లోపల కూర్చుని, మూడు నెలలు మగ్గాన్ని ఆపించింది. తను చేతినిండా పని ఉండి, మగ్గం మీద ఆడే ప్రతి నెమలినీ తానే గీసి, అత్త కునుకు కోసం కాచుకుని దొంగలా గీసింది. ఇది ఆపమంది, వాళ్ళు ఆపారు. తను ఏనాడైనా ఆపమని అడిగిందా? ఒక్కసారి అడిగింది, గోడ పట్టుకుని. కాదంటే ఊరుకుంది. ఆ తర్వాత మళ్ళీ అడగలేదు. ఇప్పుడు ఈశ్వరి కుళ్ళంతా ఆపమనగల ఆ గుండె ధైర్యం మీదికి మళ్ళింది. ఆ గుండె తనకూ కావాలి.

నీలం గీత చివరికి చేరింది. ముసలి లాప్‌టాప్ ఒకసారి ఆరిపోయి మళ్ళీ వెలిగింది, ఇంతకుముందు ఎప్పుడూ లేనంత చురుగ్గా. వాడేవాళ్ళ పేరు అడిగింది. వసుంధర తన పేరు కొట్టింది.

"ఇంకో పేరు పెట్టేదానికి ఉంటుందా?"

"ఉంటుందక్కా. ఎవురి పేరుకు వాళ్ళ తాళం వేరే."

"నాది పెట్టు. ఎల్లుండి నీ ఇంటర్వ్యూ చేసుకో, నేను నోరు తెరవను. కానీ ఈ పొద్దు నుంచి రోజూ రెండింటికి నువ్వు బయటికి రావాల. రెండు నుంచి నాలుగు దాకా ఈ గది నాది, ఇదీ నాదే. కాఫీ నువ్వు పెట్టాల."

వసుంధర ఆమె ముఖంలోకి చూసింది. బహుశా ఈ రెండేళ్ళలో మొదటిసారి. "అత్తకేం చెప్తావు?"

"నువ్వేం చెప్తాండావో అదే."

రెండయింది. ఈశ్వరి చేతులు కడుక్కుని, పైటకు తుడుచుకుని, మగ్గం దగ్గరికి వచ్చింది. ధనుంజయ నేస్తున్నాడు. అత్త చాప పరుస్తోంది.

"మగ్గం ఆపాల" అంది ఈశ్వరి. "నాకు మీటింగుంది."

అత్త చాప వదిలేసి నవ్వింది. ధనుంజయ చెయ్యి ఆపకుండానే, "నీకేం మీటింగుమ్మే? ఎవురితో?" అన్నాడు.

"నీ చీరలకు డిజైన్లు గీసే మనిషితో."

ధనుంజయ తలెత్తి చూశాడు. తల మీద కార్డుల దండ వేలాడుతోంది, అంచులో సగం అయిన నెమలి.

"ఈ చీర శనివారానికి దిగుతుంది" అంది. "తర్వాతిదానికి కార్డులు కావాల కదా? ఈ చప్పుట్లో నాకు కుదరదు. నాలుగింటి దాకా ఆపు. కండెలు కావాలంటే రాట్నం ఆడ ఉండాది, నువ్వే చుట్టుకో."

జవాబు కోసం నిలబడలేదు. నిలబడితే బతిమాలుతుందని ఆమెకే భయం. లోపలికి వెళ్ళి తలుపేసి గడియ పెట్టింది.

బయట మగ్గం ఆడుతూనే ఉంది. టక్, టక్, టక్. ఈశ్వరి కూర్చోలేదు. లాప్‌టాప్ తెరిచి తన పేరు నొక్కి, తెల్లటి గళ్ళ ముందు నిలబడే ఉంది. "దీనికేమన్నా గాలి సోకిందా?" అని అత్త అంటోంది. ధనుంజయ ఏదో గొణిగాడు. టక్, టక్. పద్నాలుగేళ్ళు పట్టిన మాట ఇట్లాగే గాలికి పోతుందా అనుకుంది. ఆడితే ఆడనీ, తలుపు మాత్రం తీసేది లేదు అని కూడా అనుకుంది. కుర్చీ లాక్కుని కూర్చుని, మొదటి గడి నింపింది.

మూడో గడికి మగ్గం ఆగింది.

ఇంటి నిండా అలాంటి నిశ్శబ్దం ఉంటుందని ఆమెకు తెలుసు, కానీ ఎప్పుడూ తలుపుకు అవతలి పక్కనుంచే విన్నది. ఎంతసేపు గీసిందో, ఎవరో వేలితో రెండుసార్లు తట్టారు.

"అక్కా, కాఫీ."

ఈశ్వరి లేచి గడియ తీసింది. తలుపు తెరిచింది, గ్లాసు పట్టేంత.