కట్ చేస్తే అందినట్టు

హాజరా ఆపా నన్ను పిలిచింది ఫోను బాగుచేయమని కాదు, ఒక నంబరు తీసేయమని. ఆమె ఫోనులో రెండు సిమ్ములుంటాయి. ఒకటి ఇంటిది, రెండోది భోజనం డబ్బాలది. ఆ రెండోది ఇక అక్కర్లేదని, వాట్సాప్‌లో పెట్టుకున్న బిర్యానీ బొమ్మ కూడా చెరిపేయాలని, అదెలాగో తనకు తెలియదని చెప్పింది. గొంతు మామూలుగానే ఉంది. అలా ఉంచడానికి ఆమె కొంచెం కష్టపడుతోందని మాత్రం అనిపించింది.

ఇండియా నుంచి వచ్చి మేముంటున్న సెంబవాంగ్‌లో మా బ్లాకూ వాళ్ల బ్లాకూ ఎదురెదురు. నేను కాలేజీలో కంప్యూటర్లు చదివాను, ఉద్యోగం చేయలేదు. ఒకసారి మా కింద టైలరు షాపులో ప్రింటరు మొండికేస్తే చూసిపెట్టాను. అప్పటి నుంచి చుట్టుపక్కల చిన్న వ్యాపారాల వాళ్లు పిలుస్తుంటారు. పూల కొట్టు ఆవిడ, సంగీతం నేర్పే తారాదేవి గారు, కేకులు చేసి అమ్మే మలయ్ అమ్మాయి. నెట్ పోయిందంటారు, వెళ్లి చూస్తే నెట్ ఉంటుంది, వైరు వదులుగా ఉంటుంది. ఫోను చచ్చిపోయిందంటారు, చూస్తే వెలుగు తగ్గించి మరిచిపోయుంటారు. అందుకని వాళ్లు చెప్పిన కారణం పక్కనపెట్టి, ఏం చేస్తుంటే ఏం జరిగిందో మొదటి నుంచి చేయించి చూస్తాను. ఏదైనా తీసేయమంటే, తీసే ముందు అది ప్రస్తుతం ఏం చేస్తోందో చూస్తాను. ఈ అలవాటు మా ఆయనకు చాదస్తంలా కనిపిస్తుంది.

వాళ్లింటికి వెళ్లేసరికి తలుపు పక్కన పెద్ద డేగిసా తోమి, పాత పేపరు మీద బోర్లించి ఉంది. ఊరికి అటు చివర బూన్ లేలో ఉండే ఆమె చెల్లెలి వరసామె శనివారం వచ్చి పట్టుకుపోతుందట. దాన్ని చూశాక నాకు విషయం అర్థమైంది. హాజరా ఆపా నంబరు మార్చడం లేదు, వంట మానేస్తోంది.

ఆమెది హైదరాబాదు. భర్త షౌకత్ భాయికి ఇంజనీరు ఉద్యోగం. ఇల్లు గడవడానికి ఆమె వండనక్కర్లేదు. ఒక రంజాన్ నెలలో షిప్‌యార్డులో పనిచేసే యాకూబ్‌కు తినడానికి పంపితే, అతని గదిలో వాళ్లు మాకూ కావాలన్నారు. అలా మొదలైంది. శ్రీకాకుళం వాళ్లు, కరీంనగర్ వాళ్లు, రోజంతా వెల్డింగు పొగలో ఉండి డార్మిటరీకి చేరేసరికి వండుకునే ఓపిక లేనివాళ్లు. వాళ్లు పప్పుచారు అడిగారని ఆమె పప్పుచారు నేర్చుకుంది. గోంగూర ఎక్కడ దొరుకుతుందో నన్నడిగి తెలుసుకుంది.

ఆర్డరు ఎలా తీసుకుంటారని అడిగాను. ఆమె చెప్పిన పద్ధతి విని ముచ్చటేసింది. ఆ యార్డులోకి కెమెరా ఉన్న ఫోన్లు రానివ్వరు. మంచి ఫోను గదిలో వదిలి, చిన్న బటన్ ఫోను జేబులో వేసుకుని పనికి పోతారు. అందులో వాట్సాప్ ఉండదు. సాయంత్రం టీకి ఆపినప్పుడు డబ్బాల నంబరుకు ఒక మిస్డ్ కాల్ ఇస్తారు. ఆ రాత్రికి అన్నం కావాలని దాని అర్థం. హాజరా ఆపా ఎత్తదు, కట్ చేస్తుంది. కట్ చేస్తే అందినట్టు. ఎవరికీ పైసా ఖర్చులేదు, మాట పనిలేదు. ఆమె డబ్బా మూత మీద ఆ నంబరులోని చివరి అంకెలు మార్కరుతో రాసి, సామాన్లు చేరవేసే వ్యాను అతనికి అప్పగిస్తుంది. అతను డార్మిటరీ గేటు పక్కనున్న అరల్లో పెట్టి వెళ్లిపోతాడు. వాళ్లొచ్చి తమ అంకెలు చూసుకుని తీసుకుంటారు. ఇన్నేళ్లలో ఆమె వాళ్లలో చాలామంది మొహాలు చూడలేదు.

ఆ మధ్య కాల్స్ ఉన్నట్టుండి తగ్గిపోయి, ఇప్పుడు ఐదారుగురు మాత్రమే మిగిలారట. కారణం ఆమెకు తెలుసట. ఎవరో పప్పులో ఉప్పెక్కువైందని వ్యాను అతనితో చెప్పి పంపితే, నచ్చకపోతే ఇంకోచోట తినమను అని ఆమె విసురుగా అంది. ఆ మాట వాళ్లకు చేరింది. మనసు కష్టపెట్టుకుని మానేశారు.

“మరి ఫోన్ చేసి అడగలేదా ఆపా?”

“ఏమని అడగాలె ప్రసన్నా? నా అన్నం ఎందుకు తింటలేరని అడుగుతరా ఎవరన్నా? నా నోరే నన్ను ముంచింది. బస్, అయిపోయింది. తీసెయ్ నంబరు.”

నా ఫోను తీసి డబ్బాల నంబరుకు చేశాను. వెంటనే మోగింది. చూసినవా, ఫోన్ మంచిగనే ఉన్నదన్నట్టు ఆమె నావైపు చూసింది. అక్కడితో ఆపేయవచ్చు. సిగ్నల్ ఉంది, సిమ్ము పనిచేస్తోంది, మనుషులు అలిగారు. అలకకు నా దగ్గర రిపేరు లేదు. అయినా, మిగిలిన ఐదారుగురు ఎవరని అడిగాను. ఆ మాట తగిలింది అందరికీ అయితే వాళ్లు మాత్రం ఎందుకు అలగలేదో తెలుసుకోవాలనిపించింది.

పెద్దయ్య, యాకూబ్, సాంబమూర్తి, ఇంకో ముగ్గురి పేర్లు చెప్పింది. మానేసిన వాళ్లెవరంటే, డబుల్ ఏడు, సున్నా నాలుగు, మూడు తొమ్మిదులు అంది. వాళ్ల పేర్లు ఆమెకు తెలియవు. కంపెనీ మారినప్పుడల్లా సిమ్ము మారుస్తారు, ఎన్నిసార్లని రాసుకోవాలి అంది. అంకెలు చూస్తే చాలు, ఎవరిదో గుర్తుపడతానంది.

నేను ఆమె ఫోనులో పేర్లు తెరిచి చూశాను. పెద్దయ్య ఉన్నాడు. యాకూబ్ ఉన్నాడు. సాంబమూర్తి ఉన్నాడు. ప్రసన్నలక్ష్మి అని నేనూ ఉన్నాను. డబుల్ ఏడు లేడు.

నా సంచిలో పరీక్ష కోసం ఒక పాత ఫోను పెట్టుకుంటాను. ఆ నంబరు ఎవరి దగ్గరా ఉండదు. దాంతో చేసి, ఆమె చెవి దగ్గర పెట్టాను. సగం రింగై కట్ అయింది. బల్ల మీదున్న ఆమె ఫోను వెలగనైనా లేదు.

“నేను ముట్టనే లేదు,” అంది హాజరా ఆపా.

మళ్లీ చేశాను. మళ్లీ సగం రింగు, మళ్లీ కట్. ఈసారి ఆమె తన రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని ఫోను వంకే చూస్తూ కూర్చుంది. నేను చెప్పబోయేది ఆమెకు నాకంటే ముందే తెలిసిపోయింది.

“వాళ్లకు నేను కట్ చేసినట్టే వినపడ్తది గదా,” అంది. ఫోను బోర్లించి, “అందిందనే అనుకుని ఉంటరు. పనికెళ్లి వచ్చి అర కాడ నిలబడి ఉంటరు,” అంది.

నేను ఆ ఫోను తీసుకుని అందులో ఏముందో వెతకడం మొదలుపెట్టాను. దొరకడం కష్టం కాలేదు. దొంగ కాల్స్ రాకుండా అడ్డుకునే యాప్ ఒకటుంది. పేరు సేవ్ చేయని నంబరు ఏదైనా సరే, మోగకముందే కట్ చేయమని దానికి చెప్పి ఉంది. ఆ కాల్స్ ఫోను జాబితాలో కూడా కనపడవు. పచ్చ రంగు డాలు బొమ్మ కింద, మిమ్మల్ని ఇన్ని వందల అవాంఛిత కాల్స్ నుంచి రక్షించాం అని మాత్రం గర్వంగా చెప్పుకుంటోంది.

అంతలో వాళ్లమ్మాయి అలీజా కాలేజీ నుంచి వచ్చింది. యాప్ పెట్టింది తనేనట. ఆ మధ్య బ్యాంకు నుంచంటూ ఎవడో ఫోన్ చేస్తే, హాజరా ఆపా ఫోనుకొచ్చిన కోడును చదివి వినిపించబోయింది. అలీజా గదిలోంచి పరుగెత్తుకొచ్చి ఫోను లాక్కుంది. ఆ రోజే ఈ ఏర్పాటు చేసింది. నేను జరిగింది చెప్పేసరికి ఆ పిల్ల బ్యాగు భుజాన ఉండగానే నిలబడిపోయింది.

“బట్ మమ్మీ, ఐ థాట్ యు సేవ్డ్ దెమ్ ఆల్. మిస్డ్ కాల్ ఇచ్చి ఫుడ్ ఆర్డర్... హూ డజ్ దట్ లా,” అంది ఇక్కడి పిల్లల ఇంగ్లీషులో.

హాజరా ఆపా కూతురి భుజం మీది బ్యాగు అందుకుంది. మొహం కడుక్కుని రమ్మంది.

యాప్ తీసేయడం ఒక్క నిమిషం పని. కానీ తీసేస్తే ఆ బ్యాంకు వాడు మళ్లీ చేస్తాడు. పిల్ల భయపడటంలో తప్పులేదు. యాప్ ఉండనిచ్చి, అందరి నంబర్లూ పేర్లతో ఎక్కించుకోవడం సరైన పని అని చెప్పాను. యాప్ పెట్టకముందు వచ్చిన పాత కాల్స్ ఇంకా కొన్ని ఫోనులో ఉన్నాయి, ఒక్కొక్కరికీ మనమే చేసి సంగతి చెబుదామన్నాను. హాజరా ఆపా వద్దంది. ఇన్నిసార్లు ఆకలితో నిలబెట్టి ఇప్పుడు ఫోనులో యాప్ అని చెబితే తనకే నమ్మబుద్ధి కాదట. లేచి డేగిసాను తిరగేసి, పొయ్యి పక్కకు లాగింది. లాగినప్పుడు నేల మీద గీత పడింది. మామూలు రోజైతే ఆమె ఆ గీతను భరించేది కాదు.

మర్నాడు ఎవరి మిస్డ్ కాల్ కోసమూ చూడకుండా, పూర్వం ఎంతమందికి వండేదో అంతమందికీ వండింది. బగారా అన్నం, గోంగూర పప్పు, ఉడికించిన గుడ్లు. షౌకత్ భాయి పని నుంచి త్వరగా వచ్చి కారు తీశాడు. అలీజా నాతో పాటు వెనక సీట్లో డబ్బాల సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. దారిలో పప్పులో ఉప్పు సరిపోయిందా అని హాజరా ఆపా నన్ను రెండుసార్లు అడిగింది.

డార్మిటరీ గేటు ముందు లారీలు ఆగి మనుషుల్ని దింపుతున్నాయి. నీలం చొక్కాలు, మెడలో తువ్వాళ్లు. పెద్దయ్య మమ్మల్ని చూసి దగ్గరికొచ్చాడు. యాభై దాటిన మనిషి. డబ్బాలు అందని వాళ్లను పిలవమని హాజరా ఆపా అడిగితే కాసేపు తటపటాయించాడు. వాళ్లలో ఎక్కువమంది శ్రీకాకుళం వాళ్లని, కరీంనగర్ వాడైన తనతో ఈ మధ్య వాళ్లకు మాటలు సరిగా లేవని అన్నాడు. కరీంనగర్ వాళ్లకే ఆంటీ అన్నం పంపుతుందని, మేమేం పాపం చేశామని గదిలో ఒకటే ఎత్తిపొడుపులట. తనేమో ఆంటీకి కోపం వచ్చి ఉంటుందని, ఉప్పు గురించి నోరు జారింది మీరే కదా అని వాళ్లకు సమాధానం చెప్పాడట.

ఆ ఒక్క ఉప్పు మాటను రెండు వైపులా చెరో విధంగా నమ్మి కూర్చున్నారు. ఎవరికి వాళ్లకు సరిపోయే కారణం కాబట్టి ఇంకెవరూ వెతకలేదు.

చివరికి నలుగురైదుగురు వచ్చారు. ముందున్న కుర్రవాడు సన్నగా, చేతుల మీద నిప్పురవ్వల మచ్చలతో ఉన్నాడు. పేరు ఏసుబాబు అన్నాడు. డబుల్ ఏడు అతనే. హాజరా ఆపా జరిగింది చెప్పడం మొదలుపెట్టింది కానీ, యాప్, పచ్చ డాలు అంటూ మధ్యలో చిక్కుపడింది. ఏసుబాబు నేల చూస్తూ విన్నాడు.

“అది కాదాంటీ,” అన్నాడు. “మీరు కట్ చేసేరు కదా, అందిందనుకున్నాం. వచ్చి చూస్తే డబ్బా లేదు. మాటాడదామని మళ్లీ కొట్టేను. కట్టు. ఇంకోపాలి కొట్టేను. కట్టు. మా మాట వినడానిక్కూడా ఇష్టం లేదేమో అనుకున్నాను. బ్రెడ్డు తిని తొంగున్నాం.”

హాజరా ఆపా కొంగు సరిచేసుకుంది. అప్పుడు అలీజా ముందుకొచ్చి, వచ్చీరాని తెలుగులో, “అన్నా, నేను పెట్టిన. మమ్మీ కాదు. సారీ,” అంది. ఆ ఇంట్లో ఎవరూ ఆ పిల్లకు ఆ మాట చెప్పమనలేదు.

ఏసుబాబు తలెత్తి ఆమెను చూసి, ఆ తర్వాత పక్కవాడిని చూశాడు. “ఒరే, మెషీనంట్రా కట్ చేసింది. నువ్వేమో మన నంబర్లకు దిష్టి తగిలిందన్నావు,” అన్నాడు. ఎవరో నవ్వారు. ఆ నవ్వు పూర్తిగా తేలికైనదేం కాదు, అయినా డబ్బాలు చేతులు మారాయి.

అందరూ రాలేదు. కొందరు వేరే మెస్సుకు నెల కట్టేశారట. మూడు తొమ్మిదులు ఇండియా వెళ్లిపోయాడు. ఆ డబ్బా మీది అంకెలు హాజరా ఆపా బొటనవేలితో తుడిచి, పెద్దయ్యకు ఇచ్చింది. గదిలో ఎవరికి కావాలంటే వాళ్లకు పెట్టమంది.

తర్వాత ఒక్కొక్కరినీ ఎదురుగా నిలబెట్టి నంబరు అడిగి, పేరడిగి, తనే ఎక్కించుకుంది. నేను చేస్తానంటే ఫోను ఇవ్వలేదు. అక్షరాలు వెతుక్కుంటూ ఏసుబాబు అని రాసేసరికి చాలాసేపు పట్టింది. ఇన్నాళ్లూ నాకు పేరుంటుందని తెలీదా ఆంటీ అని అతను వేళాకోళం చేస్తే, నాకు పేరున్నదని నీకు తెలుసా మరి, అందరికీ ఆంటీనే గదా, అందామె. ఎక్కించాక, పనిచేస్తోందో లేదో ఇప్పుడే కొట్టి చూపించమని నేనే పట్టుబట్టాను. పరీక్షించకుండా వదిలేయడం నాకు చేతకాదు. ఏసుబాబు బటన్ ఫోను తీసి నొక్కాడు. హాజరా ఆపా చేతిలో ఫోను వెలిగి, మోగింది. తెర మీద అతని పేరు వచ్చింది.

కట్ చేయబోయి ఆమె వేలు ఆగింది. ఫోను ఎత్తి చెవికి పెట్టుకుంది. రెండడుగుల దూరంలో ఉన్న మనిషితో, ఫోనులోనే, “ఏసుబాబూ, అందింది,” అంది.

“అయ్యో, ఎత్తకండాంటీ,” అన్నాడతను కంగారుగా. “బేలెన్సు ఎలిపోద్ది.”

శనివారం బూన్ లే ఆమె రైలెక్కి వచ్చి, డేగిసా పొయ్యి మీద ఉండటం చూసి, మామిడికాయ పచ్చడి తీసుకుని వెళ్లింది. హాజరా ఆపా ఇప్పుడు సాయంత్రం వచ్చే ప్రతి కాల్‌నూ ఎత్తుతుంది. పేరు పెట్టి పిలుస్తుంది, అందిందంటుంది, పెట్టేస్తుంది. బేలెన్సు పోతుందని వాళ్లు మొత్తుకుంటూనే ఉన్నారు. ఇంతకంటే మంచి పద్ధతులు నేను నాలుగు చెప్పాను. వింది, తలూపింది, మార్చలేదు.