మంచు డబ్బా

ఎడమచేతిలో డబ్బా, కుడిచేతిలో సామాను. దారితప్పి ఆపదలో చిక్కుకున్న యాత్రికుల ప్రాణం నిలిపే డబ్బాలివి. మంచు ప్రాంతాలకు వెళ్ళే డబ్బాలో ముందు వెండిరంగు పల్చటి దుప్పటి, దాని మడతలో మైనం పూసిన అగ్గిపుల్లలు, పక్కన ఈల, పైన గుండెనొప్పి మాత్రలు. ఎడారికైతే దుప్పటి బదులు నీళ్ళు శుభ్రంచేసే బిళ్ళలు. అడవికైతే దోమల మందు, గాలం. అరచేతంత డబ్బాలో ఇంత సంసారం ఇరికించడం అందరివల్లా అయ్యే పనా? పందొమ్మిదేళ్ళుగా పెద్దమ్మ చేస్తోంది. షెడ్డులో అందరూ ఆమెను అలాగే పిలుస్తారు. మంచు ఎలా ఉంటుందో ఆమె ఎరగదు, ఊరు దాటిందే లేదు.

మూత వేసేముందు డబ్బాను చెవి దగ్గర ఊపుతుంది. గలగలమంటే మళ్ళీ సర్దాల్సిందే. కొండమీద చలికి వణికేవాడికి అగ్గిపుల్ల విరిగి దొరికితే వాడి ఉసురు ఎవరికి తగులుతుంది? అదీ ఆమె గోల.

ఈ చాదస్తమే సూపర్‌వైజరుకు ఒళ్ళుమంట. సోమవారం నుంచి ఈ బల్ల దగ్గర ఒకరిని తీసేస్తారట. "సాయంత్రానికి రెండొందల డబ్బాలు దాటకపోతే నీ పేరే రాసిస్తా" అని పొద్దున్నే మొహం మీద చెప్పేశాడు. ఇంట్లో మంచం పట్టిన మొగుడు, ఇద్దరికీ ఆధారం ఆమె రెండు చేతులే. పెద్దమ్మ గుండె గుభేలుమంది.

మధ్యాహ్నానికి ఆ గుండే నొప్పెట్టింది. ఎడమచెయ్యి లాగేసింది, ఒళ్ళంతా చెమట.

"పెద్దమ్మా, మాత్రలు నీ ముందే ఉన్నాయిగా! ఒకటి నోట్లో వేసుకో," అంది పక్కన మూతలకు టేపు చుట్టే ఆమె.

"అడక్కుండా తీస్తే దొంగతనమేనే."

అడిగింది. సూపర్‌వైజరు నవ్వాడు. "బాగుందమ్మా వరస! మాత్రలు కొనుక్కున్నవాళ్ళకా, సర్దేవాళ్ళకా? అంత బాగోలేకపోతే ఇప్పుడే ఇంటికి పో. సోమవారం మాత్రం రాకు."

ఎలా పోతుంది? ఒంటిచేత్తో సర్దింది. పందొమ్మిదేళ్ళలో మొదటిసారి ఊపడం మానేసింది. రెండొందలు దాటాక హమ్మయ్య అనుకుంది. ఆ తర్వాతి డబ్బాలో దుప్పటి పెట్టి, ఈల కోసం చెయ్యి చాచి, అలాగే బల్లమీదికి వాలిపోయింది. కునుకు తీస్తోందనుకుని సూపర్‌వైజరు కసిరాడు. రెండోసారి కసిరాక, టేపు చుట్టే ఆమె భుజం పట్టి కుదిపి కెవ్వుమంది.

మనిషిని మోసుకెళ్ళిపోయాక సూపర్‌వైజరు బల్ల దగ్గరికి తిరిగొచ్చాడు. "సోమవారం ఇంకెవర్నీ తియ్యక్కర్లేదులే. పని చూడండి."

చెప్పుకోడానికి సిగ్గుచేటు గానీ, బల్ల చుట్టూ ఉన్నవాళ్ళందరికీ ప్రాణం లేచొచ్చింది. తలలు వంచుకుని పనిలో పడ్డారు. ఖాళీ స్టూలు మీద పాత గుడ్డపీలికలు కూరి ఆమె కుట్టుకున్న మెత్త, మధ్యలో పడిన గుంట ఇంకా పైకి లేవలేదు.