ఏడు కొట్టేసి ఐదు

మా తోడికోడలంటే నాకు కుళ్ళు. దాచుకోవడం ఎందుకు, ఒప్పేసుకుంటున్నాను.

మా అత్తగారి కుట్టుషెడ్డులో పన్నెండేళ్ళుగా అంచనా కాగితం రాసేది నేనే. ఏ ఆర్డరు వచ్చినా ఎన్ని మిషన్లు, ఎంతమంది మనుషులు, ఎన్ని రోజులు, ఎంత గుడ్డ అని ముందే రాసివ్వాలి. ఐదు మిషన్లు చాలనిపిస్తే నేను ఏడు రాసేదాన్ని. అత్తగారు ఎర్ర పెన్సిల్ తీసి ఏడు కొట్టేసి ఐదు వేసేవారు. ఎక్కువ రాశానని నేనూ చెప్పలేదు, తెలుసని ఆవిడా అనలేదు. పని మాత్రం ఏనాడూ ఆగలేదు.

ఇప్పుడావిడ మోకాళ్ళు మాట వినడం లేదు. కత్తిరింపు బల్ల దగ్గర నిలబడలేక ఎవరో ఒకరికి అప్పగించాలనుకున్నారు. బల్ల ఎవరి చేతిలో ఉంటే షెడ్డు వాళ్ళ మాట మీద నడుస్తుంది. అది నాకే వస్తుందని ధీమాగా ఉన్నాను. అంతలో ఒక ఆసుపత్రి వాళ్ళు రోగులకి ఆరు వందల గౌన్లు కావాలన్నారు.

"ఈసారి కాగితం చిన్నకోడల్ని రాయనీ. కుదిరితే బల్ల కూడా దానికే ఇద్దాం," అన్నారు అత్తగారు. అదీ నాతోనే!

అది కోడలిగా వచ్చి రెండేళ్ళన్నా కాలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ మహాతల్లి ఏం చేసిందనుకున్నారు? చేతి గడియారం విప్పి పట్టుకుని రెండు రోజులు మిషన్ల మధ్య తిరిగింది. ఒక గౌను ఎంతసేపట్లో అవుతుంది, దారం మార్చడానికి ఎంతసేపు, నడుం నొప్పని లేచేవాళ్ళు ఎన్నిసార్లు లేస్తారు, అన్నీ రాసుకుంది. కుట్టేవాళ్ళంతా "చిన్నమ్మా, చిన్నమ్మా" అంటూ దాని వెంటే. పన్నెండేళ్ళలో నన్ను అంత ముద్దుగా ఒక్కరూ పిలిచిన పాపాన పోలేదు.

మూడో రోజు కాగితం తెచ్చి నా చేతిలో పెట్టింది.

"అక్కా, ఒక్కసారి చూసి చెప్పవా? అత్తయ్యకిచ్చే ముందు ఏమైనా మార్చాలా?"

ఐదు మిషన్లు, తొమ్మిది రోజులు. మిషనుకి రోజుకి పద్నాలుగు గౌన్లు. వంక పెట్టడానికి వీల్లేకుండా ఉంది. అత్తగారు ఎలాగూ కొట్టేస్తారు, రెండు కలిపి రాసుకో అని చెప్పాల్సింది నేనే. చెప్పకపోతే ఐదు కాస్తా మూడవుతుంది, గౌన్లు గడువుకి అందవు, బల్ల నాకొస్తుంది.

"బాగుందమ్మా, ఇచ్చెయ్," అన్నాను.

అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని చదివారు. ఎర్ర పెన్సిల్ అందుకున్నారు. నాకెంత సంతోషం వేసిందో ఇప్పుడు చెప్పాలంటే సిగ్గుగా ఉంది.

పెన్సిల్ ఐదు మీద ఆగిపోయింది.

"దారం మార్చే టైము కూడా రాశావే!" అని దాన్ని మెచ్చుకుని, నా వైపు తిరిగారు. "ఇది నువ్వు చూశావా?"

"చూశానత్తయ్యా."

"నేనెప్పుడూ కొట్టేస్తానని దీనికి చెప్పలేదూ?"

ఆ సంగతి ఆవిడ నోట రావడం అదే మొదలు.

"అక్క చెప్పిందత్తయ్యా, నేనే వినలేదు," అంది చిన్నది.

అత్తగారు మమ్మల్నిద్దర్నీ కాసేపు చూసి, పెన్సిల్ పక్కన పెట్టేశారు. "రేపట్నుంచి బల్ల దగ్గర నువ్వు నిలబడు," అన్నారు దానితో.

బయటికొచ్చాక దాని చెయ్యి పట్టుకుని ఆపాను. "కొట్టేస్తారని నీకెలా తెలుసు?"

"నీ పాత కాగితాలన్నీ తిరగేశానక్కా. ప్రతిదాంట్లో ఏడు కొట్టేసి ఐదే ఉంది."

"మరి తెలిసీ నాకెందుకు చూపించావు?"

"నువ్వు చెప్తావనుకున్నాను," అంది.

కోపంగా అన్నా బాగుండేది.