బెన్ని బిగించిన తీగ

తన చెవి మీద ఇమాంకు గురి ఎక్కువ. జగ్గయ్యపేటలో నలభై ఏళ్లుగా హార్మోనియాలు బాగుచేస్తున్నాడు. గుళ్లలో భజనలవీ ఆయన దగ్గరికే, చర్చీలవీ ఆయన దగ్గరికే. ఎక్కడన్నా ఒక్క స్వరం తప్పు పలికితే ఆ పూట ఆయనకు ముద్ద దిగదు.

నందిగామ నుంచి గ్రేసీ వచ్చింది. ఏటా క్రిస్మస్ ముందు వాళ్ల చర్చి హార్మోనియం తెచ్చేది ఆమే. ఈసారి దుప్పటిలో చుట్టి ఇంకోటేదో తెచ్చింది. విప్పితే మూడు మూలల చెక్క వాద్యం.

"ఏంది చిచ్చా, సమోసాకి తీగలు కట్టారా?" అన్నాడు పక్కన టీకొట్టు ఫయాజ్.

"నోర్ముయ్యరా," అని కసిరాడు ఇమాం. ఆయనకు సంగతి తెలుసు. గ్రేసీ తమ్ముడు బెన్ని రష్యాలో డాక్టరీ చదువుతూ, అక్కడి మంచు రోడ్డు మీద కారు జారి చనిపోయాడు. శవం ముందొచ్చింది. నెల తర్వాత సామాను వచ్చింది.

"దీన్ని బలలైకా అంటారు బాబాయ్. అక్కడ పల్లెపాటలకి వాయిస్తారంట. మొన్న ఈ ఉక్కు తీగ తెగింది. అదొక్కటే వెయ్యండి. ఈ రెండూ మాత్రం ముట్టుకోవద్దండి. వాడు బిగించినవి."

"సరేనమ్మా."

గ్రేసీ బజారు పని చూసుకుని వస్తానని వెళ్లింది.

ఇమాం మాండలిన్ తీగ ఒకటి వెతికి వేశాడు. బాగానే కూర్చుంది. ఊరికే మిగతా రెండు తీగలూ మీటి చూశాడు. రెండూ ఒకే స్వరం పలికాయి. మళ్లీ మీటాడు. అదే.

ఉన్నవే మూడు తీగలు. అందులో రెండు ఒకే మాట చెప్పడమేమిటి? దారిలో తీగ వదులై జారిందో, పాపం ఆ పిల్లాడికే చెవి లేదో. ముట్టుకోవద్దన్న మాట గుర్తుంది. కానీ రేపు ఎవరన్నా తెలిసినవాడు దీన్ని మీటితే, తప్పు ఎవరిదంటాడు? చచ్చిపోయినవాడిదే కదా. ఇమాంకు ప్రాణం ఒప్పలేదు. తీగ బిగించే బిరడా ఒకటి తిప్పి ఆ తీగను పంచమానికి దించాడు. ఇప్పుడు మనసు కుదుటపడింది.

గ్రేసీ తిరిగొచ్చి వాద్యాన్ని ఒళ్లో పెట్టుకుంది. బొటనవేలితో ఆ రెండు తీగలూ కలిపి మీటింది. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"ముట్టుకున్నారా బాబాయ్?"

"రెండూ ఒకటే పలుకుతున్నాయమ్మా. సరిచేశా."

"ఇది అంతేనండి. దీని తీరే అంత." గొంతు పెంచలేదు. "ఫోన్లో నవ్వేవాడు. 'ఈ రెండూ నువ్వూ అమ్మానే అక్కా, నన్ను తిట్టేప్పుడు ఇద్దరిదీ ఒకటే రాగం' అని. నాకు వాయించటం ఎక్కడొచ్చు బాబాయ్. రోజూ పొద్దున్నే ఒక్కసారి మీటుకుంటన్నా. అంతే."

ఇమాంకు తల ఎత్తబుద్ధి కాలేదు.

"రెండోది ముట్టలేదమ్మా. దాన్ని విని దీన్ని కలుపుతా."

కలిపాడు. చెవి చెబుతూనే ఉంది, వేళ్లే మాట వినలేదు. నలభై ఏళ్లలో ఒక్క తీగకు ఇంతసేపు ఏనాడూ పట్టలేదు. గ్రేసీ మళ్లీ మీటింది.

"అదే పలుకు," అంది. ఆ తీగ మీద వేలు పెట్టి, "కానీ ఇది మీరు బిగించింది," అంది.

"అవునమ్మా."

సొరుగులో ఆకుపచ్చ దారం ఉంటే తీసి, తను ముట్టని బిరడాకు ముడేశాడు.

"ఇది వాడిదే. దీన్నెవర్నీ తిప్పనీకు."

"ఇదన్నా ఇట్టాగే ఉంటదా బాబాయ్? జారిపోదుగా?"

నైలాను తీగ. ఎవరూ ముట్టకపోయినా తనంతట తనే వదులై స్వరం జారుతుంది. ఇక్కడి ఎండలకు మార్చి దాటదు. ఆ సంగతి ఇమాంకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.

"జారదమ్మా," అన్నాడు.

తీగ విషయంలో ఆయన అబద్ధం ఆడటం అదే మొదలు. గ్రేసీ దుప్పటి చుట్టి, దారం కట్టిన బిరడా కదలకుండా అరచేయి అడ్డం పెట్టుకుని, నందిగామ బస్సెక్కింది.