కోదాడ అని రాసిన గడి

ఏడో నంబరు గది కూజా కడిగి, నీళ్లు నింపి, మూతి మీద గ్లాసు బోర్లించాడు తులసీరాం. తర్వాత ఆరో గది. ఇరవై రెండేళ్లుగా సూర్యాపేట బస్టాండు ఎదుటి ఈ లాడ్జిలో అతని పొద్దు ఇలాగే మొదలవుతుంది. కూజాలయ్యాక గుమాస్తా బల్ల దగ్గర కూర్చుని, విరిగిన కళ్లజోడు కాడకు కట్టిన దారం చెవికి చుట్టుకొని, పెద్ద రిజిస్టరు తెరుస్తాడు. పేరు, ఎక్కడి నుంచి, ఎక్కడికి. ఏ గడీ ఖాళీ ఉంచడు. చెప్పకుండా వెళ్లినవాళ్లకు తనే ఒక ఊరు రాస్తాడు. ఖమ్మం, మిర్యాలగూడ, బెజవాడ. అతను చూడని ఊళ్లే ఎక్కువ.

ఈరోజు ఆ రిజిస్టరును చంకలో పెట్టుకొని పోలీసు స్టేషనుకు బయలుదేరాడు. పక్కన ఒతియెనో.

కెన్యా నుంచి వచ్చి హైదరాబాదులో వ్యవసాయం చదువుతున్నాడు ఒతియెనో. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో కాలేజీలూ హాస్టళ్లూ మూతబడితే ఈ లాడ్జిలో దిగాడు. రోజూ బస్సులో మిర్యాలగూడ వైపు పోయి, కాలువ కింది పొలాల మట్టి చిన్న సీసాల్లో తెచ్చుకొని, ఒక్కో సీసాకు ఊరూ తేదీ రాసి అంటించేవాడు. జూన్‌లో పెళ్లివారు గదులన్నీ పట్టుకొన్నప్పుడు తులసీరాం అతన్ని తన ఇంటికి తీసుకుపోయాడు. భార్య పోయిన తొమ్మిదేళ్లకు ఆ ఇంట్లో రెండో కంచం బయటికి వచ్చింది.

"కొడుకు నిన్ను మించి పెరిగిండు గదా తులసీరాం! ఏం పెడుతున్నవ్?" అనేది టీకొట్టు దుర్గమ్మ.

"మాడిన రొట్టె పెడుతడు," అని ఒతియెనోనే జవాబు చెప్పేవాడు. తెలుగు మాటా, అక్షరాలూ తులసీరాం దగ్గరే నేర్చాడు.

నలభై రెండు రోజులున్నాడు. ఆ నలభై రెండు రోజులు ఎక్కడున్నాడో రుజువు లేదని ఇప్పుడు వీసా రద్దు చేశారు. రుజువు చూపితే పరీక్షలదాకా ఉండనిస్తారు. లేకపోతే సాయంత్రం బస్సుకే దేశం విడిచి ప్రయాణం.

ఇన్‌స్పెక్టరు పేజీ తిప్పి వేలు పెట్టాడు. "జూన్ పదిన ఖాళీ చేసిండని నువ్వే రాసినవ్. ఎక్కడికి? కోదాడ. కోదాడంత తిరిగినం. గిసొంటి మనిషిని సూసినోడే లేడు."

"పోలే సార్. మా ఇంట్లనే ఉన్నడు."

"మరి కోదాడని ఎందుకు రాసినవ్?"

"గడి ఖాళీ ఉంచనని..."

"పుస్తకం అబద్ధమా, నువ్వు అబద్ధమా?"

"పుస్తకమే సార్. గల్లీల అందర్నడుగుండ్రి."

"గల్లీ మాట పైన నడ్వదయ్యా. వాళ్లకు కాగితం గావాలె. నీ కాగితం కోదాడంటున్నది." ఇన్‌స్పెక్టరు విసుక్కోలేదు. పుస్తకం మెల్లగా మూసి అతని వైపు జరిపాడు. ఆ మెల్లదనమే తులసీరాంకు దెబ్బలా తగిలింది.

ఎండలో తిరిగి వస్తుంటే ఒతియెనో నవ్వాడు. "నేను కోదాడ సూడనే లేదు కాకా."

"నేను గూడ సూడలే బిడ్డా."

లాడ్జి గిరాకీని ఇంటికి తీసుకుపోయాడంటాడని యజమాని సీతారామయ్యకు భయపడే తన ఇంటి పేరు రాయలేదని ఇన్నాళ్లూ అనుకొన్నాడు. కాని ఆ రోజు గదులే లేవు, ఎవరడుగుతారు? ఆ పుస్తకంలో ఎక్కినవాళ్లు అందరూ వెళ్లిపోయారు. తన ఇల్లు అందులో ఎక్కించకపోతే ఒతియెనో ఉండిపోతాడని తన లోపల ఎవరో అనుకొని ఉండాలి. ఆ ఎవరినో నడిరోడ్డు మీద మొదటిసారి చూశాడు తులసీరాం. కాళ్లు ఆగాయి. ఒతియెనో అతని చంకలోని బరువు తాను అందుకొన్నాడు.

సాయంత్రం హైదరాబాదు బస్సు వచ్చింది. రొట్టెల మూట కిటికీలోంచి అందించాడు. "మాడినయా?" అన్నాడు ఒతియెనో. మాడలేదని చెప్పబోయేలోగా బస్సు కదిలింది.

తులసీరాం లాడ్జికి వెళ్లి ఇద్దరు కొత్తవాళ్ల పేర్లు రాశాడు. ఇంటికొచ్చి తలుపు తీశాడు. మంచం మీద దుప్పటి మడత పెట్టి ఉంది. కిటికీలో ఒక సీసా ఉంది. దాని మీద కాగితం, వంకర తెలుగు అక్షరాలు: తులసీరాం కాకా పెరడు, జూలై మూడు.

జూన్ పది నుంచి వేళ్ల మీద లెక్కపెట్టాడు. నలభై రెండింటిలో ఇరవై నాలుగో రోజు. సీసా పట్టుకొని గుమ్మందాకా పరుగెత్తి, అక్కడే ఆగిపోయాడు. ఎవరికి చూపాలి?

వెలుతురుకు ఎత్తి చూశాడు. నల్లమట్టి. గాజు లోపలి వైపు, పెరటి తడి ఇంకా సన్నని చుక్కలుగా అంటుకొనే ఉంది.