అద్దం తేలేదు

అద్దం తెచ్చానా, చిన్న ఆకురాయి ఉంది, పెద్దది ఉంది, మైనం, కత్తి, పాలిష్ బ్రష్షులు మూడూ ఉన్నాయి, చర్చి వ్యాను ఎగిరెగిరి పడుతుంటే ఒళ్ళో పెట్టె తెరుచుకుని ఇప్పుడా వెతుక్కోవడం, అద్దం లేదు, ఎలా ఉంటుంది, పంతొమ్మిదేళ్ళుగా కట్టుడు పళ్ళు చేస్తున్నాను గానీ ఒక్క రోజూ అద్దంతో పని పడలేదు, ల్యాబులో ఫ్యాను కింద నా స్టూలు, ఎదురుగా గోడ, గోడలో పుస్తకమంత కిటికీ, పళ్ళు పూర్తిచేసి డబ్బాలో పెట్టి ఆ కిటికీలోంచి అవతలికి తోసేస్తే డాక్టరు గారు ఎవరి నోట్లో పెట్టేవారో, ఆ మనిషి ఏడ్చాడో నవ్వాడో నాకు తెలిసేది కాదు, నాకు తెలిసిందల్లా తెల్లటి ప్లాస్టర్ దవడలు, వాటి అడుగున పెన్సిలు నంబర్లు, దవడలైతే మాట్లాడవు, తిరిగి చూడవు, అదే నాకు హాయి, మనుషులంటే మొదట్నుంచీ బెరుకు నాకు, మాట్లాడాల్సి వస్తే చూపు నోటి దగ్గరే ఆగిపోతుంది, కళ్ళ దాకా ఎక్కదు, అందుకే మా ఆయన ఏడిపిస్తాడు, మా చెల్లికి కాబోయే మొగుణ్ణి చూసొచ్చి ఎలా ఉన్నాడే అంటే కింది వరసలో రెండో పన్ను కాస్త వంకర అన్నావు, ఇంకో ముక్క చెప్పలేదు అని, పొద్దున టీ కప్పు చేతికిస్తూ కూడా అదే నవ్వు, కిటికీ అవతలికి పోతున్నావన్నమాట, అక్కడ మొహాలుంటాయి, జాగ్రత్త అన్నాడు.

పోతున్నాను, నిజంగానే పోతున్నాను, ఇది భయమో సంతోషమో విడదీయలేను, సంతోషమే ఎక్కువనుకుంటాను, ఇన్నేళ్ళూ చర్చిలో చివరి బెంచీలో కూర్చుని ప్రభువా నన్ను ఎక్కడికైనా పంపు అని కళ్ళు మూసుకుని అడిగేదాన్ని, లోపల్లోపల మాత్రం ఎక్కడికైనా అంటే ఆ ఫ్యాను కిందికే సుమా అన్నట్టు, ఆయనకి తెలియదా నా సంగతి, తెలిసే మూణ్ణెల్ల కిందట పాస్టరు గారి నోట అడిగించాడు, మన వ్యాను వెళ్ళే చోట్ల పళ్ళు లేని ముసలివాళ్ళు ఎదురుచూస్తున్నారు, పళ్ళు చేసి దగ్గరుండి అమర్చేవాళ్ళు మనలో ఎవరైనా ఉన్నారా అని, అందరూ అటూ ఇటూ చూశారు, నేను నా చెప్పులు చూసుకున్నాను, ఆ ఆదివారం, ఆ పై ఆదివారం, ఆ పైదీ అంతే, తర్వాత ఒక మంగళవారం ల్యాబులో చేతిలోని దవడ నా వైపు నోరు తెరుచుకుని ఏదో అడగబోతున్నట్టు అనిపించింది, ఇది ఎవరిది ప్రభువా అన్నాను, అన్నేళ్ళలో మొదటిసారి అడిగాను, నువ్వే వెళ్ళి చూడు అన్నట్టు తోచింది, చెవికేం వినపడలేదు, గుండె మాత్రం ఉన్నట్టుండి తేలికైపోయింది, ఒక్కదాన్నే కూర్చుని నవ్వాను, సాయంత్రానికి డాక్టరు గారికి చెప్పేశాను, ఆయన మంచివారే, నువ్వా, మనుషుల మధ్యకా, వద్దమ్మా, అంతగా అనుకుంటే సరే వెళ్ళు, వ్యాను ఎక్కిన రోజు సాయంత్రం నాలుగింటి దాకా నీ స్టూలు ఖాళీగా ఉంచుతాను, వచ్చేస్తానంటే ఒక్క ఫోన్ చెయ్యి, లేదంటే మర్నాడు ఇంకో అమ్మాయిని పెట్టుకుంటాను అన్నారు, ఆ నాలుగింటి గడువే పొద్దున్నుంచీ నా మెడ మీద కూర్చుంది, మొదటి మనిషి దగ్గర చేయి వణికిందా, ఫోన్ చేసేస్తాను, నాకూ దేవుడికీ మధ్య అదీ ఒప్పందం, ఆయన సంతకం పెట్టలేదనుకోండి.

వ్యాను ఒక ఊరి బడి ముందు ఆగింది, బడికి సెలవు, తరగతి గదిలో పిల్లల బెంచీల మీద ముసలివాళ్ళు మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చున్నారు, అటు పక్క లేడీ డాక్టరు గారు ఎవరిదో పన్ను పీకుతున్నారు, పోయిన నెల వచ్చి అందరి చిగుళ్ళకీ అచ్చులు తీసి నాకు పంపింది ఈవిడే, ఆ అచ్చులతో మా వంటింటి బల్ల మీద ఈ పళ్ళు చేశాను, ఒకటో నంబరు అని పిలిస్తే నీలం స్వెట్టరు అవ్వ లేచి వచ్చింది, చేయి నోటికి అడ్డం పెట్టుకునే వచ్చింది, కుర్చీలో కూర్చుంది, పెద్దగా తెరువు అవ్వా అన్నాను, నా గొంతేనా అది, చిగుళ్ళు ఎర్రగా, తడిగా, కదులుతున్నాయి, ప్లాస్టరు ఎప్పుడైనా కదిలిందా, చూపు నోటి దగ్గరే పెట్టుకున్నాను, నాకు తెలిసిన చోటు అదొక్కటే, చేయి దానంతటదే గడ్డం పట్టుకుని వెలుతురుకి తిప్పింది, బొటనవేలు అంచు తడిమింది, ఆ తర్వాత, అయ్యో ప్రభువా, దవడ చేతిలోకి రాగానే పొడి పోయేందుకు ఊదుతాను కదా, పంతొమ్మిదేళ్ళ అలవాటు, ఫూ అని ఊదేశాను, బతికున్న మనిషి నోట్లోకి.

లేడీ డాక్టరు గారు పటకారుతో సహా ఇటు తిరిగారు, భూమిలోకి దిగిపోదామంటే కింద సిమెంటు గచ్చు, అవ్వ పెదవులు తుడుచుకుని, ఏంటి తల్లీ, నా నోరు అంత వేడిగా ఉందా, చల్లారుస్తున్నావు అంది, అంతే, బెంచీలన్నీ ఒక్కసారి నవ్వాయి, పళ్ళున్నవాళ్ళూ లేనివాళ్ళూ, అవ్వ అందరికంటే ఎక్కువ నవ్వింది, నేనూ నవ్వాను, కళ్ళలో నీళ్ళొచ్చేలా, చేతులకేసి చూసుకుంటే అవి అసలు వణకనే లేదు, పై వరస పెట్టాను, చక్కగా కూర్చుంది, కింది వరస ఎడమ పక్క నొక్కుతోందట, ఇక్కడా అవ్వా, ఆఁ అక్కడే, తీసి ఆకురాయితో కాస్త రాసి మళ్ళీ పెట్టాను, బిస్కెట్టు ఇచ్చి కొరకమన్నాను, కరుక్కుమంది, పంతొమ్మిదేళ్ళకి నేను చేసిన పళ్ళ చప్పుడు నా చెవులతో విన్నాను, అప్పుడు అడిగింది అవ్వ, అద్దం ఇవ్వు తల్లీ అని.

లేదవ్వా, తేలేదు, నా ఫోనేమో బటన్లది, అందులో మొహం కనపడదు, డాక్టరు గారి చేతులు ఖాళీ లేవు, పోనీలే, నీకు కళ్ళున్నాయిగా, నువ్వే చూసి చెప్పు అంది, బాగున్నావవ్వా అన్నాను పళ్ళ వంకే చూస్తూ, బాగుండటం సరేలే, ఎలా ఉన్నానో చెప్పు, ఆరేళ్ళయింది చేయి అడ్డం పెట్టుకోకుండా మాట్లాడి, నన్ను చూసి చెప్పు అంది, చూడాలి, ఇక తప్పించుకోవడానికి కిటికీ లేదు, చూపుని నోటి మీదనుంచి పైకి జరిపాను, ముక్కు దాకా, ఇంకాస్త, ఇంకాస్త, ఎక్కింది, బుగ్గలు నిండుగా ఉన్నాయవ్వా, ఎడమ కంటి కింద చిన్న మచ్చ ఉంది, నువ్వు నవ్వితే అదీ పైకి లేస్తోంది, కళ్ళు తేనె రంగు అన్నాను, ఆ మచ్చ మా అమ్మకీ ఉండేది అంది అవ్వ, ఆ తేనె రంగు కళ్ళు నన్నే చూస్తున్నాయి, నేనూ చూస్తున్నాను, నాకేం కాలేదు, పైగా ఎంత బాగుందో, ఇంత సంతోషం నా ఫ్యాను కింద ఎప్పుడూ లేదు.

టైము ఇంకా రెండున్నరే, నాలుగు కూడా కాలేదు, ల్యాబు డాక్టరు గారికి ఫోన్ చేశాను, ఏమ్మా వచ్చేస్తున్నావా అన్నారు, లేదండీ, ఆ స్టూలు ఎవరికైనా ఇచ్చేయండి, ఒక అద్దం మాత్రం కొనాలి అన్నాను, ఆయనకేం అర్థమైందో గానీ నవ్వారు, రెండో నంబరు అని పిలిచాను, టోపీ తాతగారు లేచి మెల్లగా వస్తున్నారు, ముందు కళ్ళు చూస్తున్నాను, ఆ మంగళవారం ల్యాబులో ఈ దవడ ఎవరిది అని అడిగితే ప్రభువు ఎవరిదో చెప్పకుండా నువ్వే వెళ్ళి చూడు అన్నది ఇందుకే అన్నమాట, చెప్పి ఉంటే ఆ పేరు కూడా డబ్బా మీద రాసి కిటికీలోంచి అవతలికి తోసేసేదాన్ని.